ఎర్ర చుక్కల గడియారం

పానీజూలి తోట, జోర్హాట్
సెప్టెంబరు 9, 2017

అక్కయ్య పాదాలకు,

నీకు చెవులు పూర్తిగా పోయాయని బగీరామ్ చెప్పాడు. ఆవాలు అమ్ముకోవడానికి మాజులి లంక నుంచి పడవలో వచ్చాడు. నా వాకిట్లో కూర్చుని టీ తాగి చెప్పాడు. ఫోనులో ఎంత అరిచినా నీకు వినపడదట. అందుకని రాస్తున్నాను. నాకూ ఇదే సులువు. ఫోనులో నేను ఊ అనడం, నువ్వు తిట్టడం. అంతే కదా.

రిటైరై రెండేళ్ళు దాటింది. టీ కార్ఖానాలో మోటార్లు ఇప్పుడు వేరేవాళ్ళు చూస్తున్నారు. నేను ఇంట్లో ఒక గడియారం చేస్తున్నాను. దీనికి ముళ్ళుండవు. ఆవగింజంత ఎర్ర దీపాలు. నిలువుగా ఎనిమిది, అడ్డంగా ముప్పై రెండు. ఏది వెలగాలి, ఏది ఆరాలి అన్నది ఒక చిప్పు చెబుతుంది. నా బొటనవేలి గోరంత ఉంటుంది. అది ఏం చెప్పాలో మనం ముందే రాసిపెట్టాలి. ఆఫీసులో పారేసిన కంప్యూటరు అడిగి తెచ్చుకున్నాను. జోర్హాట్‌లో సామాను అమ్మే దుకాణదారు ఒక రాత ఇచ్చాడు. దాన్ని చూసి ఒక్క వేలితో కొడతాను. అక్షరాలు ఇంగ్లీషువి. మిషన్ల మీద చూసినవే.

నిన్న మొదటిసారి వెలిగింది. నాలుగు అంకెలూ పక్కకు తిరిగి పడుకున్నాయి. కొట్టంలో దూడల్లాగ. దీపాల పలకలు అడ్డం తిప్పి అతికించానని తర్వాత తెలిసింది. చాలాసేపు అలాగే చూశాను. లేపబుద్ధి కాలేదు.

గడియారం నీకే. మంచం మీది నుంచే కనపడేంత పెద్ద అంకెలు.

ఇంకో మాట. నువ్వు తోటకు వచ్చి ఇరవై రెండేళ్ళు. ఒకసారి రా. ఎందుకు రావో నాకు తెలియదు. ఇన్నాళ్ళూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

దంబరు

✽

మాజులి
సెప్టెంబరు 20, 2017

మా దంబరుకు అక్క ఫూలేశ్వరి దీవెనలు.

ఉత్తరం చూడగానే ఎవరో పోయారనుకున్నాను. నువ్వు ఉత్తరం రాయడమా! కవరు చించకుండా పూటంతా దేవుడి దగ్గర పెట్టి, సాయంత్రం చించాను. చివరికి అందులో గడియారం! నువ్వు మారవురా. నీకు పెళ్ళిచూపులకని టీయోక్ తీసుకెళ్తే, పిల్ల వచ్చి కూర్చుని లేచి వెళ్ళే వరకూ నువ్వు వాళ్ళ టేబుల్ ఫ్యాను విప్పి బాగుచేస్తూనే ఉన్నావు. బయటికి వచ్చాక మీ బావ "పిల్ల ఎలా ఉందోయ్?" అంటే "బేరింగు అరిగింది" అన్నావు. చచ్చేదాకా చెప్పుకుని నవ్వాడు ఆయన.

చెవుల సంగతి నిజమే. బాధేం లేదు, వింతగా ఉంది. లోకం మొత్తం నీళ్ళలో మునిగినట్టుంటుంది. మా కోడలు రేణు గిన్నె కింద పడేస్తే, ఆ గిన్నె దూది మీద పడ్డట్టే. మగ్గం దగ్గర కూర్చుంటే చప్పుడు లేదు కానీ కాళ్ళకు తెలుస్తుంది. నామ్‌ఘర్‌లో తాళాలు వాయిస్తుంటే చేతులు మెరుస్తాయి, అంతే. చెరువులో చేపల మధ్య కూర్చుని భజన చేసినట్టుంటుంది. ఒక్కటే కష్టం. పొద్దు తెలియడం లేదు. కోడి కూసిందో లేదో, బడి గంట కొట్టారో లేదో. మొన్న మధ్యాహ్నం పడుకుని లేచి, తెల్లారిందనుకుని పళ్ళు తోముకున్నాను. రేణు చూసి కడుపు పట్టుకుని నవ్వింది. కాబట్టి నీ గడియారం పంపు.

అడ్డం ముప్పై రెండు, నిలువు ఎనిమిది అన్నావు. అది గామోసా తువ్వాలు అంచురా మొద్దూ! మేమూ గళ్ళ కాగితం మీదే పువ్వు గీసి, నూలు లెక్కపెట్టుకుని నేస్తాం. నీ దీపాలు నా పోగులే. నీ అంకెలు ఎలా గీశావో గళ్ళలో గీసి పంపు, చూస్తాను. నువ్వు గీసిన ఏనుగును అమ్మ గుమ్మడికాయ అనుకున్న సంగతి నేను మరిచిపోలేదు.

రావడం సంగతి రాశావు. మగ్గం మీద ఆరు గామోసాలున్నాయి. నది ఈ ఏడు ఇంకో ఇరవై గజాలు మింగింది, వెనక వెదురు పొద తీసి ఇటు నాటాలి. తీరికెక్కడిది? నీ చేతిరాత నేను ఇంతకు ముందు చూసింది ఒక్క చీటీలో. ఆ మాట ఇప్పుడు వద్దు.

పులుపు తక్కువ తిను.

నీ అక్క

✽

పానీజూలి తోట
అక్టోబరు 4, 2017

అక్కయ్య పాదాలకు,

అంకెలు గళ్ళలో గీసి పంపుతున్నాను. నాలుగు అంకె నాకే నచ్చలేదు.

ఒక చిక్కు వచ్చింది, తీరింది. మొదట గడియారం రోజుకు మూడు నిమిషాలు వెనకబడేది. చిప్పు తనంతట తానే లెక్కపెడితే వేడికీ చలికీ తప్పుతుందట. కాలం చూడడానికే ఇంకో చిప్పు ఉంటుందని దుకాణదారు చెప్పాడు. తెచ్చి అతికించాను. దానికి రూపాయి బిళ్ళంత బ్యాటరీ. కరెంటు పోతే దీపాలు ఆరిపోతాయి. లోపల కాలం మాత్రం నడుస్తూ ఉంటుంది. కరెంటు రాగానే సరైన వేళ చూపిస్తుంది, మధ్యలో ఏమీ జరగనట్టు. నేను నాలుగైదుసార్లు ఊరికే తీగ పీకి, మళ్ళీ పెట్టి చూశాను. ఆ చీకట్లో అది ఎలా లెక్కపెట్టుకుంటుందో అనిపించింది.

కార్ఖానా సైరనుతో కలిపి పెట్టాను. పదిహేను రోజులుగా రెండూ ఒక్కసారే వస్తున్నాయి. సెకను తేడా లేదు.

నీకు గంట కొడితే వినపడదు. అందుకని గంట గంటకూ చుక్కలన్నీ పైనుంచి వానలాగ కిందికి జారేటట్టు రాశాను. ఆ వాన ఆగాక కొత్త గంట కనిపిస్తుంది. చీకటి పడితే దీపాలు వాటంతటవే తగ్గుతాయి. కంటికి గుచ్చుకోవు.

డబ్బా టీ పెట్టె చెక్కతో చేశాను. మూత తీస్తే ఇంకా ఆకు వాసన.

నువ్వు ఎప్పుడు వస్తావో రాయలేదు. చీటీ అన్నావు. ఏ చీటీ?

దంబరు

✽

మాజులి
అక్టోబరు 19, 2017

దంబరుకు,

నీ నాలుగు కుంటుతోంది. వెనక కాలు ఒక గడి పైకి జరపాలి, అడ్డగీత ఒక చుక్క బయటికి రావాలి. అప్పుడు నిలబడుతుంది. నీ ఎనిమిది చూస్తే మా పక్కింటి లక్ష్యేశ్వరి గుర్తొచ్చింది, నడుమే లేదు. నడుము దగ్గర రెండు వైపులా ఒక్కో చుక్క తీసెయ్యి. ఏడుకు తల బరువైంది. అన్నీ సరిచేసి ఎర్ర పెన్సిలుతో గీశాను, ఇందులో పెట్టాను. యాభై ఏళ్ళు గళ్ళు లెక్కపెట్టిన చెయ్యి ఇది. నోరు మూసుకుని అలాగే పెట్టు. నోరు మూసుకోమని నీకు చెప్పడమేమిటిలే.

నిన్న కాతి బిహు పండుగ. పొలాల్లో దీపాలు పెట్టి వచ్చాం. మంచు అప్పుడే దిగుతోంది. వెనక్కి తిరిగి చూస్తే పొలాలు లేవు, నేల లేదు, తెల్లటి పాల మీద చిన్న చిన్న మంటలు తేలుతున్నాయి. నీ గడియారం ఇలాగే ఉంటుందేమో అనుకున్నాను. రేణు చెయ్యి పట్టి లాగే వరకూ నిలబడే ఉన్నానట. "అత్తా, మంచులో పడిపోతావు, నడువు" అందట. ఇంటికి వచ్చాక పలక మీద రాసి చూపించింది, తిట్టు కూడా కలిపి.

చీటీ సంగతి అడిగావు. నిజంగా గుర్తు లేదా?

అక్క

✽

పానీజూలి తోట
నవంబరు 3, 2017

అక్కయ్య పాదాలకు,

నువ్వు గీసినట్టే అంకెలు మార్చాను. నాలుగు నిలబడింది. తొమ్మిది కూడా అందంగా ఉంది.

గడియారం బగీరామ్ చేతికి ఇచ్చాను. సెల్‌ఫోన్ ఛార్జరుకు పెడితే చాలు. టైము పెట్టే పని లేదు. పెట్టే పంపాను.

అది చూస్తే నా మనసులో ఏముందో నీకు తెలుస్తుంది. రాయడం చేతకాదు.

దంబరు

✽

మాజులి
నవంబరు 15, 2017

దంబరుకు,

గడియారం అందింది. రేవు దగ్గర పోలీసు బగీరామ్‌ను ఆపాడట. "ఇదేంటి?" "గడియారం బాబూ." "ముళ్ళేవి?" "ముళ్ళుండవు." "ముళ్ళు లేని గడియారం ఎక్కడైనా ఉంటుందిరా?" ఇలా అరగంట. చివరికి రేవులో టీ కొట్టువాడి ప్లగ్గులో పెట్టి వెలిగించి చూపిస్తే జనం మూగారట. పడవ ఆ గోలలో ఆలస్యంగా కదిలిందని బగీరామ్ పలక నిండా రాశాడు.

గోడకు పెట్టించాను. అంకెలు బాగున్నాయి. వాన బాగుంది. టైము తప్పు.

నీ మనసులో ఏముందో తెలుస్తుందన్నావు. తెలిసింది. బాగా తెలిసింది.

అక్క

✽

పానీజూలి తోట
నవంబరు 22, 2017

అక్కయ్య పాదాలకు,

తెలిసిందన్నావు. చాలా సంతోషం. ఇన్నేళ్ళు నోటితో అనలేక లోపలే ఉంచుకున్నాను. గడియారం నాకంటే బాగా చెప్పింది. ఇక ఆలస్యం చెయ్యకు.

టైము తప్పు అన్నావు. ఎన్ని సెకన్లు? ముందుకా, వెనక్కా? బ్యాటరీ కదిలిందేమో. మూత తీసి బ్యాటరీ మీద వేలితో మెల్లగా నొక్కు. లేదా కాలం చూసే చిప్పు నకిలీది అయి ఉంటుంది. నకిలీవి చాలా వస్తున్నాయట. అయితే ఇంకోటి తెచ్చి నేనే అతికిస్తాను. రోజూ సెల్‌ఫోన్‌తో పోల్చి, తేడా ఒక కాగితం మీద రాసి పంపు.

ఇక్కడ కొమ్మలు కత్తిరించే పని మొదలైంది. తోటంతా బోడిగా ఉంది. పొద్దున పొగమంచులో చూస్తే, ఆకులేని మొక్కలు బారులు తీరి నిలబడి దేనికోసమో చూస్తున్నట్టుంటాయి.

దంబరు

✽

మాజులి
డిసెంబరు 1, 2017

దంబరూ,

సెకన్లా? నిమిషాలా? గంటరా! నిండు గంట ముందుకు పెట్టి పంపావు. ఊళ్ళో ఎనిమిదైతే నా గోడ మీద తొమ్మిది. లక్ష్యేశ్వరి కూడా పలక మీద రాసి వెక్కిరించింది, "ఏం ఫూలేశ్వరీ, మీ ఇంట్లో అన్నాలు అప్పుడే అయిపోయాయా?" అని. పైగా అంతటితో వదలవు, "ఇక ఆలస్యం చెయ్యకు" అంటావు. ఇన్నేళ్ళు లోపల ఉంచుకున్నానంటావు. నువ్వు నోరులేనివాడివనుకున్నాను. గోడకు దీపాలు పెట్టి, ఆ రోజు వేళకు రాలేదని దెప్పేటంత లోతు మనిషివని తెలియదు.

సరే. అయితే నేనూ చెబుతాను, విను.

అమ్మ పోయిన రోజు నువ్వు పడవ సరంగుతో చీటీ పంపావు. రెండు ముక్కలు. "అమ్మ పోయింది. నాలుగింటికి తీస్తారు." ఆ చీటీ నాకు పది గంటలకు అందింది. తడి బట్టతోనే పరుగెత్తాను. పన్నెండింటి పడవ దొరికింది. నిమాతి రేవులో దిగి, బస్సు ఎక్కి, నడిచి, మన గేటు దగ్గరికి వచ్చేసరికి నా చేతి గడియారంలో మూడున్నర. అరగంట ముందే వచ్చాననుకున్నాను. ఇంకా అమ్మ ఉంటుంది, కాళ్ళు పట్టుకుంటాను, అనుకున్నాను.

వాకిలి కడిగేసి ఉంది. పేడ అలికి ఉంది, ఇంకా తడి ఆరలేదు. పనిమనిషి ఎవరో చీపురు పట్టుకుని ఉంది, నన్ను ఎరగదు. "ఎవరు కావాలి? తీసుకెళ్ళిపోయారు" అంది. అటు చూస్తే నది ఒడ్డున పొగ.

నేను లోపలికి రాలేదు. ఆ తడి అలుకు మీద అడుగు వెయ్యలేకపోయాను. అటునుంచి అటే వెళ్ళి ఆఖరి పడవ ఎక్కాను. పదకొండో రోజుకు జ్వరమని కబురు పంపాను. జ్వరం లేదు.

నాలుగంటే నాలుగింటికి తియ్యాలి కదరా. కూతురు ఏటికి అవతల ఉందని తెలిసీ ముందే ఎందుకు తీశారు? నేను రానక్కర్లేదనుకున్నారా? ఇరవై రెండేళ్ళుగా అడగలేదు. నువ్వు గడియారం పెట్టి అడిగించావు.

ఫూలేశ్వరి

✽

పానీజూలి తోట
డిసెంబరు 8, 2017

అక్కయ్య పాదాలకు,

ఉత్తరం నాలుగుసార్లు చదివాను.

నువ్వు వచ్చావని నాకు తెలియదు. రాలేదనే అనుకున్నాను. ఇన్నేళ్ళు అలాగే అనుకున్నాను. వచ్చిందెవరో ఆ పనిమనిషికి తెలియక చెప్పలేదు.

మేం ముందుగా తియ్యలేదు. నాలుగింటికే తీశాం. తోట నాలుగు.

అక్కా, నీకు తెలిసిందే. తోటలో గడియారాలు బయటి వాటికంటే గంట ముందుంటాయి. ఇక్కడ సూర్యుడు తొందరగా వస్తాడని దొరల కాలంలో అలా పెట్టారు, ఇప్పటికీ అదే. తోట సైరను నాలుగు కొడితే జోర్హాట్ బజారులో మూడు. నువ్వు ఇక్కడే పుట్టావు. అప్పటికే పెళ్ళై పాతికేళ్ళు ఏటి అవతల ఉండి మరిచిపోయావు. నేను ఇక్కడే ఉండి, బయట ఇంకో నాలుగు ఉంటుందన్నది మరిచిపోయాను. చీటీ రాస్తుంటే నాకు గుర్తే రాలేదు. తోటలో బతికేవాడికి నాలుగంటే ఒక్కటే.

గడియారమూ అంతే. సైరనుతో కలిపి పెట్టి పంపాను. దెప్పడానికి కాదు. నాకు వేరే టైము చేతిలో లేదు. నా మనసులో ఉన్నది నువ్వు రావాలని, అంతే.

గడియారం వెనక రెండు మీటలున్నాయి. తెల్ల మీట నొక్కి పట్టుకుంటే అంకెలు ఆరుతూ వెలుగుతూ ఉంటాయి. అప్పుడు నల్ల మీట నొక్కి గంట వెనక్కి తెచ్చుకో.

దంబరు

✽

మాజులి
డిసెంబరు 27, 2017

మా పిచ్చి దంబరుకు,

నీ ఉత్తరం చదివి నవ్వాను. నవ్వుతుంటే ఏడుపు వచ్చింది. నా ఏడుపు నాకు వినపడదు కనుక ఎంత పెద్దగా ఏడ్చానో తెలియదు. రేణు పరుగెత్తుకొచ్చింది, పక్కింటివాళ్ళు వచ్చారు, ఎవరో నీళ్ళు చల్లారు. లక్ష్యేశ్వరి పలక మీద "ఎవరు పోయారు?" అని రాసి చూపించింది. నేను కింద రాశాను, "ఒక గంట పోయింది, దొరికింది." ఆవిడ నా నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం చూసింది.

ఒక్క గంట కోసం ఇరవై రెండేళ్ళురా! ఎవరి తప్పని చెప్పను? నీదీ కాదు, నాదీ కాదు.

గడియారం తిప్పలేదు. తిప్పను. ఊళ్ళో మూడైనప్పుడు గోడ మీద వాన కురిసి నాలుగు వస్తుంది. నేను మగ్గం ఆపి చూస్తూ కూర్చుంటాను. ఆ గంట సేపు వాకిలి ఇంకా ఎవరూ అలకలేదు. అమ్మ లోపల పడుకుని ఉంది. నేను రేవులో దిగుతున్నాను. ఎండ పల్చగా ఉంటుంది, నూలు పోగుల మధ్య నుంచి పడుతుంది. నాకు ఏ చప్పుడూ లేదు కనుక అడ్డు వచ్చేవాళ్ళు లేరు. కాళ్ళు పట్టుకునేదాకా వెళ్తాను. అప్పుడు రేణు టీ తెస్తుంది.

ఫాగున్ పౌర్ణమికి వస్తాను. మార్చి ఒకటి. ఆ రోజు మన ఇంటి గుమ్మం తొక్కుతాను. నాకు చేప పులుసు నువ్వే వండి పెట్టాలి, పుల్లటి ఏనుగు ఆపిల్ కాయ వేసి. రేణు చేతి పులుసు తిని తిని నాలుక చచ్చిపోయింది. ఆరో గామోసా నీకోసం నేస్తున్నాను. అంచు మీద నీ అంకెలే పువ్వులుగా దించాను. చూసినవాళ్ళు ఇదేం పువ్వంటున్నారు. కాలం పువ్వు అన్నాను.

అక్క

✽

పానీజూలి తోట
జనవరి 14, 2018

అక్కయ్య పాదాలకు,

నువ్వు వస్తానన్నావు. ఆ ఒక్క మాట కోసమే గడియారం చేశాను. ఇప్పుడు రాయబోయేది చదివి రావడం మానుకుంటావేమో. అయినా రాయాలి. రాయకుండా నీకు పులుసు వండలేను.

తప్పు గంటది కాదు.

ఆ రోజు తోట నాలుగు అయింది. సైరను మోగింది. రోజూ నేను మోగించేది ఆ రోజు వేరేవాడు మోగించాడు. అమ్మను వాకిట్లో పాడె మీద ఉంచాం. పడమట మబ్బు కమ్మింది. మాధవ్ మామ నా దగ్గరికి వచ్చాడు. "ఏరా దంబరూ, పిల్ల వస్తుందంటావా? ఎత్తేద్దామా, కాసేపు చూద్దామా? వాన వస్తే కట్టెలు తడిసిపోతాయి. కొడుకువి నువ్వు, నువ్వు చెప్పు" అన్నాడు.

అందరూ నా వైపు చూశారు. నలభై మంది ఉంటారు.

అక్కా, అప్పుడు నాకు గుర్తొచ్చింది. పన్నెండింటి పడవ దిగినవాళ్ళు తోటకు చేరేసరికి తోట లెక్కన నాలుగున్నర అవుతుంది. ఆ పడవలో వచ్చేవాళ్ళను రోజూ కార్ఖానా కిటికీ నుంచి చూసేవాణ్ణి. నువ్వు అందులోనే వస్తుంటావని నాకు తెలుసు. అరగంట. "ఆగండి" అంటే చాలు. మామ ఆపేవాడే. అందుకే అడిగాడు.

ఆ మాట గొంతు దాకా వచ్చింది. అంతమంది చూస్తుంటే నోరు పెగల్లేదు. తల వంచుకున్నాను. సరే అన్నాననుకుని ఎత్తేశారు.

నది ఒడ్డున నిప్పు పెట్టేటప్పుడు కూడా అనుకున్నాను, ఇప్పుడైనా అందామని. అనలేదు. వాన రాలేదు. ఆ మబ్బు ఊరికే పోయింది.

తర్వాత నువ్వు రాలేదని తెలిసి తేలికపడ్డాను. నేను ఆపినా లాభం లేకపోయేదిలే అనుకున్నాను. ఇరవై రెండేళ్ళు దాని మీదే బతికాను. నువ్వు గేటు దాకా వచ్చావని డిసెంబరులో తెలిసింది. డిసెంబరు ఉత్తరంలోనే ఇది రాయాల్సింది. తోట గంట అని రాసి అక్కడితో ఆగిపోయాను. అప్పుడూ తల వంచుకున్నట్టే.

నువ్వు గంటను క్షమించావు. నన్ను కాదు.

దంబరు

✽

మాజులి
ఫిబ్రవరి 20, 2018

దంబరుకు,

నెల దాటినా జవాబు రాయలేదు. కోపం వచ్చింది. మొదటి రోజు గడియారం గోడ నుంచి తీసి, ముఖం గోడ వైపు తిప్పి నేల మీద పెట్టాను. ఎర్ర వెలుగు గోడ అంచున పాకుతూనే ఉంది. దుప్పటి కప్పాను. రేణు వచ్చి దుప్పటి తీసి నన్నూ, దాన్నీ మార్చి మార్చి చూసి, "అత్తా, గడియారానికి చలా?" అని రాసింది. నవ్వు రాలేదు.

నెల రోజులు మధ్యాహ్నాలు అమ్మ రాలేదు. వాకిట్లో నువ్వే కనిపించావు. తల వంచుకుని, నలభై మంది మధ్య. నీ పక్కన నిలబడి డొక్కలో పొడవాలనిపించింది, చెప్పరా అని. చిన్నప్పుడు బడిలో పంతులు అడిగితే నీ జవాబు నేను చెప్పేదాన్ని. ఆ రోజు నీ పక్కన నేను లేను. నేను పడవలో ఉన్నాను.

మార్చి ఒకటికి నేను రాను.

నువ్వు రా. నువ్వు ఈ ఏరు దాటి ఎన్నాళ్ళయింది? కాగితం మీద నీ మాట నాకొద్దు. నా ఎదురుగా నిలబడి, ఆ రోజు అనాల్సింది నోటితో అను. నాకు వినపడదు. వినపడక్కర్లేదు. అది నీ నోట్లోంచి రావడం చూస్తాను. మా ఇంట్లో రేణు ఉంటుంది, లక్ష్యేశ్వరి ఉంటుంది, బగీరామ్ ఉంటాడు. అందరూ నీ వైపే చూస్తారు. వాళ్ళను పంపించను.

తర్వాత ఏం చెయ్యాలో అప్పుడు ఆలోచిస్తాను.

ఫూలేశ్వరి

✽

పానీజూలి తోట
ఫిబ్రవరి 27, 2018

అక్కయ్య పాదాలకు,

శనివారం మొదటి పడవకు వస్తున్నాను.

ఇవాళ పొద్దున వాకిట్లో నిలబడి ఆ మాట అని చూశాను. మొదటిసారి గాలే వచ్చింది. రెండోసారి కొంచెం. మంచు దట్టంగా ఉంది, ఎవరూ లేరనుకున్నాను. మూడోసారి గట్టిగా వచ్చింది. ఎంత గట్టిగా వచ్చిందో నాకు తెలియదు.

మంచులోంచి బ్రేకు చప్పుడైంది. పనికి పోయే ఆడవాళ్ళను ఎక్కించుకుని ట్రాక్టరు రోడ్డు మీద వెళ్తోంది. ఆగిపోయింది. డ్రైవరు తల బయట పెట్టి, "ఏంటి మిస్త్రీ దాదా, ఎవరన్నా రావాలా?" అన్నాడు.

అతను ఇంజను కట్టేశాడు. వెనక ఇరవై మంది ఆడవాళ్ళు, గంపలు ఒళ్ళో పెట్టుకుని, నా వైపే చూస్తూ కూర్చున్నారు. ఒక్కరు కూడా పద పద అనలేదు.

ఒక్క మాటకే ఆగారక్కా.

దంబరు